ఎడమ చక్రం

అనకాపల్లి,
19 నవంబరు 1944

తమ్ముడు హనీఫ్‌కి,

నువ్వూ మీరాబీ పిల్లలూ క్షేమమని మొదటి రెండు వాక్యాల్లో రాశావు. చదివి అల్లాకి దణ్ణం పెట్టుకున్నాను. మిగతా రెండు పేజీలూ నా దుకాణం ఎలా మూయాలో రాశావు. అదీ చదివాను. కాగితం దొరకని ఈ యుద్ధం రోజుల్లో రెండు పేజీలు ఊరికే పోకూడదు కదా.

దుకాణం టీ హోటలు వాడికి ఇచ్చేసి మద్రాసు వచ్చెయ్యమన్నావు. ఆడమనిషి ట్రంకు రోడ్డు పక్కన కొలిమి ముందు కూచుంటే ఇంటి పరువేం కావాలి అన్నావు. మీ బావ పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళూ ఆ పరువు రెండు పూటలా అన్నం తింటూనే ఉంది. వండి పెడుతున్నది ఈ కొలిమే. నాన్న దగ్గర నువ్వు సమ్మెట పట్టినప్పుడు నేను ఆకురాయి పట్టాను. నువ్వు మిలిటరీ వర్క్‌షాపుకి వెళ్ళిపోయావు, నేను ఇక్కడే ఉండిపోయాను. తేడా అంతే.

అసలు సంగతి వేరే ఉంది. బెల్లం షావుకారు త్రినాధరావు గారి లారీకి కుడి ముందు చక్రం కూడా పాడైంది. బేరింగు వేడెక్కి పట్టేసి, ఇరుసు చివర అది కూర్చునే మెడని గోరెడు లోతున తినేసింది. కొత్త ఇరుసు కోసం విశాఖపట్నం మనిషిని పంపితే యుద్ధం అయ్యాక రమ్మన్నారట. ఇప్పుడు ఇరుసులన్నీ మీ మిలిటరీ వాళ్ళవే. ఇక్కడ చూస్తే బెల్లం సీజను నెత్తి మీదకొచ్చింది. చివరికి ఆయన మన గుమ్మంలోకి వచ్చి, "రంజాను నాడు ఎడమది బాగా సేసేవు. కుడిది కూడా అలాగే సెయ్యి" అన్నాడు.

ఎడమది చేసింది సెలవుకి వచ్చిన నువ్వు. అప్పుడాయన ఊళ్ళో లేడు. డ్రైవరు పోతురాజు ఇరుసు తెచ్చి పడేసి వెళ్ళాడు, మళ్ళీ వచ్చి పట్టుకుపోయాడు. అది మా తమ్ముడు చేశాడండీ అని చెప్పబోయి ఊరుకున్నాను. దుకాణంలోంచి వెళ్ళిన పని దుకాణానిదే అని నాన్న అనేవాడు. నిజం చెప్పాలంటే, ఆ మెప్పు కాసేపు నా దగ్గర ఉంటే బాగుండుననిపించింది. నువ్వేం అనుకోకు.

కుడిదానికి తొమ్మిది రోజులు పట్టింది. మెడ చుట్టూ దీపం మసి రాసి, కొలత రింగు తొడిగి తిప్పుతాను. మసి చెరిగిన చోట ఎత్తుందన్నమాట. అక్కడ ఆకురాయి ఆడిస్తాను. మళ్ళీ మసి, మళ్ళీ రింగు. విరిగిన పాత ఇరుసు ముక్కని రైసు మిల్లు లేతు మీద తొలిపించి, మెడకి తొడిగే గొట్టంలా స్లీవు చేయించాను, మెడ కంటే వెంట్రుకవాసి బిగువుగా. స్లీవుని నీలం తిరిగేదాకా కాల్చి తొడిగి, బూడిదలో కప్పి మర్నాటి దాకా దాని జోలికి పోలేదు. సమ్మెట కొట్టే తాతబ్బాయి అరవై ఏళ్ళ మనిషి, నాన్న కాలం నుంచి ఉన్నవాడు. దాన్ని చేత్తో తడిమి, "ఇదెక్కడ అతుకో నాకే తెల్డం నేదు తల్లీ" అన్నాడు.

నువ్వు పంపాల్సింది సలహాలు కాదు. ఒక గుండ్రటి ఆకురాయి, పన్నెండంగుళాలది. దొంగతనం చెయ్యకు, కొనే పంపు.

నీ అక్క
హాజిరాబీ


మద్రాసు,
3 డిసెంబరు 1944

అక్కకి సలాం.

నీ ఉత్తరం చూసి నిద్ర పట్టలేదు. నువ్వు కుడి ఇరుసు ముట్టుకున్నావంటే నాకు భయం వేసింది. మా వర్క్‌షాపులో పాడైన మెడకి స్లీవు వెయ్యం. కోసి పారేసి కొత్తది వేస్తాం. మా పుస్తకంలో నల్ల అక్షరాలతో అలాగే ఉంది. అది బండి చక్రం కాదు. దాని మీద మూడు టన్నుల బరువు, ఇరవై ముప్ఫై మైళ్ళ వేగం ఉంటాయి. మెడ విరిగితే ముందు డ్రైవరు పోతాడు.

మరి నువ్వు ఎడమది ఎందుకు చేశావని అడుగుతావు. నాది పన్నెండేళ్ళ సర్వీసు. రోజుకి పది ఇరుసులు నా చేతి కింద నడుస్తాయి. నేను చేయడం వేరు, నువ్వు చేయడం వేరు. కోపం తెచ్చుకోకు, ఉన్న మాట చెప్తున్నాను.

ఫిబ్రవరిలో నాకు చార్జిమన్ ప్రమోషను పరీక్ష. గెలిస్తే క్వార్టర్సు ఇస్తారు, అందులో నీకో గది. దుకాణం నేల ఎలాగూ త్రినాధరావు గారిదే. ఆయన పొమ్మనకముందే మనమే వెళ్ళడం మర్యాద.

ఆకురాయి దొరకలేదు. మీరాబీ నీకో చీర కొంది, పంపిస్తున్నాను.

నీ తమ్ముడు
హనీఫ్


అనకాపల్లి,
27 డిసెంబరు 1944

తమ్ముడు హనీఫ్‌కి,

చీర అందింది. రంగు బాగుంది, మీరాబీకి నా దీవెనలు చెప్పు. కట్టుకుని కొలిమి ముందు కూచున్నాను. చీర కొంగుతో ఇనుము అరగదీయడం మాత్రం ఇంకా చేతకావడం లేదు. ఆకురాయి పంపు.

మీ పుస్తకంలో కోసి పారేసి కొత్తది వెయ్యమని ఉంది. కొత్తది లేనివాడు ఏం చెయ్యాలో దాని తర్వాతి పేజీలో ఉందేమో చూడు. ఉంటే ఆ పేజీ చింపి పంపు. మీకు పెట్టెల నిండా ఇరుసులున్నాయి గనక మీకు పుస్తకం చాలు. నాకు లేవు గనక నాకు చెయ్యి కావాలి.

నేల త్రినాధరావుదే. కాదన్నదెవరు? నాన్న ఇక్కడ కొలిమి పెట్టినప్పుడు ఇది తుమ్మ పొద. చదును చేసి పాక వేసింది మనం. ఆయన పొమ్మంటే అప్పుడు చూస్తాను. ముందుగానే మూట కట్టుకుని గుమ్మంలో నిలబడే మర్యాద నాకు రాదు.

లారీ రోజూ తిరుగుతోంది. కె. కోటపాడు బెల్లం ఒక రోజు, చీడికాడ బెల్లం ఒక రోజు. మన దుకాణం ముందుకి వచ్చేసరికి పోతురాజు హారన్ కొట్టి వెళ్తాడు. నీ పరీక్ష బాగా రాయి.

నీ అక్క
హాజిరాబీ


అనకాపల్లి,
18 జనవరి 1945

హనీఫ్,

ఇది కార్డు గనక క్లుప్తంగా రాస్తున్నాను. నిన్న పొద్దున్న కె. కోటపాడు నుంచి వస్తుంటే త్రినాధరావు లారీ ముందు చక్రం ఊడిపోయింది. లారీ కాలవలోకి ఒరిగింది. పోతురాజు కాలు విరిగింది, ప్రాణానికి భయం లేదు. చీడికాడ దగ్గర వాళ్ళ ఊరు తీసుకెళ్ళి కట్టు కట్టించారు. బెల్లం దిమ్మలన్నీ నీళ్ళ పాలు. నువ్వు కంగారు పడకు. పరీక్ష అయ్యేదాకా దీని గురించి ఆలోచించకు. తర్వాత వివరంగా రాస్తాను.

హాజిరాబీ


మద్రాసు,
22 జనవరి 1945

అక్కకి సలాం.

నీ కార్డు కంటే ముందే సంగతి తెలిసింది. మన ఊరి బంగారయ్య బెల్లం బేరానికి వచ్చి, "మీ అక్క సేసిన ఇరుసు ఇరిగిపోయింది, డ్రైవరు కాలు పోయింది" అని మా గేటు దగ్గరే అందరి ముందూ అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నేను చెప్పానా లేదా? డిసెంబరులోనే రాశాను. ఇప్పుడు నిన్ను తిట్టి లాభం లేదు. నీ కార్డులో ఏ చక్రమో కూడా రాయలేదు. రాయడానికి నీకు చెయ్యి రాలేదని అర్థం చేసుకున్నాను. ఆ బాధ నాకు తెలుసు.

నువ్వు ఆయన ముందు నిలబడి మాటలు పడడం నాకిష్టం లేదు. అందుకని ఇంటి మగవాడిగా నేనే త్రినాధరావు గారికి ఉత్తరం రాశాను. పెద్దమనిషి, నాలుగు మంచి మాటలు రాస్తే కేసుల దాకా పోనివ్వడు. మార్చి ఆఖరుకి దుకాణం ఖాళీ చేయిస్తానని కూడా రాశాను. నువ్వు సామాను సర్దుకో. నాన్న ఇనుము కొట్టిన దాగలి మాత్రం అమ్మకు, నేను వచ్చి తెచ్చుకుంటాను.

నీ మేలు కోరే తమ్ముడు
హనీఫ్


అనకాపల్లి,
4 ఫిబ్రవరి 1945

హనీఫ్‌కి,

నీ నాలుగు మంచి మాటలు నేను చదవలేదు, విన్నాను. నేనొక్కదాన్నే కాదు, బెల్లం మార్కెట్టంతా వింది. గురువారం నాడు త్రినాధరావు కాటా పక్కన నిలబడి నీ ఉత్తరం పైకి చదివించాడు. "మా అక్క ఆడమనిషి, తెలియని పనిలో చెయ్యి పెట్టింది, ఆమె తరఫున క్షమాపణ కోరుతున్నాను." చదివిన గుమస్తాకి గొంతు బాగుంది. ఒక్క అక్షరం కూడా మింగలేదు.

నేను వెళ్ళి, దుకాణం నాది, నాతో మాట్లాడండి అన్నాను. ఆయన, "మీ ఇంటి మొగోడు ఒప్పేసుకున్నాడు గదా. మరి నీతో ఏటి మాటలు?" అన్నాడు. మార్చి ఆఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. టీ హోటలు వాడు అప్పుడే వచ్చి పాక పొడవు అడుగులు వేసి కొలుచుకున్నాడు.

నీ పరీక్ష అయ్యేదాకా చెప్పకూడదనుకున్న మాట ఇప్పుడు చెప్తున్నాను. జాగ్రత్తగా చదువు.

ఊడింది ఎడమ చక్రం.

నేను చేసిన కుడిది ఇప్పటికీ లారీకే ఉంది. కాలవలో పడి లేచిన తర్వాత కూడా వేలితో తోస్తే తిరుగుతోంది. ఎడమదాని స్లీవు నిలువునా రెండుగా చీలింది. చీలిన ముక్కలు కింద వదులై బేరింగు పట్టేసింది, నట్టు తెగింది, చక్రం పోయింది. ఆ ముక్కలు నా దగ్గరున్నాయి. పగులు అంచు సగం తుప్పు పట్టి నల్లగా ఉంది, సగం తళతళలాడుతోంది. తళతళలాడే సగం మొన్న చీలింది. నల్లటి సగం రంజాను నాడే చీలింది.

ఆ రోజు ఏం జరిగిందో నీకు గుర్తుందా? నేను సేమ్యా పాయసానికి లోపలికి వెళ్ళాను. నువ్వు స్లీవుని బండి చక్రం ఇనప పట్టాలాగా ఎర్రగా కాల్చావు. తొడిగావు. వెంటనే చెంబెడు నీళ్ళు పోశావు. ఆ బుస్సుమన్న చప్పుడు నాకు వంటింట్లోకి వినబడింది. చిన్నప్పుడు నాన్న మనిద్దరికీ అదే నేర్పాడు. పట్టా ఎక్కగానే నీళ్ళు పొయ్యాలి, లేకపోతే కింద చెక్క కాలిపోతుంది. మన చేతులకి అదే అలవాటు. కానీ హనీఫ్, ఇరుసు కింద చెక్క లేదు. దేన్ని కాపాడ్డానికి నీళ్ళు పోశావు? స్లీవు చేసిన ఆ పాత ఇరుసు ఇనుము మామూలు ఇనుము కాదు. ఎర్రగా ఉన్నప్పుడు నీళ్ళు తగిలితే గాజు ముక్కలా పెళుసెక్కుతుంది. నేను అలా రెండు స్లీవులు పాడుచేసుకుని నేర్చుకున్నాను.

నేను బయటికొచ్చి తడి నేల చూశాను. తీసెయ్, మళ్ళీ చేద్దాం అనాలి. పండగ పూట, నాలుగు రోజుల సెలవుకి వచ్చిన తమ్ముడు, కొత్త చొక్కా వేసుకుని పని చేసి నవ్వుతూ నిలబడ్డాడు. అనలేకపోయాను. అదీ నా తప్పు. తర్వాత త్రినాధరావు మెచ్చుకుంటే ఆ మెప్పు పుచ్చుకున్నాను. అదీ నా తప్పే. నా తప్పులు నేను మోస్తాను. మొన్న బండి కట్టించుకుని పోతురాజు ఊరు వెళ్ళాను, నీళ్ళు పోసిన సంగతి తెలిసీ చెప్పలేదని అతని మంచం పక్కన కూచుని చెప్పాను. అతని పెళ్ళాం పైడితల్లి నన్ను లెమ్మని కేకలేసింది, లేవలేదు. చివరికి అతనే, "కాలు ఇరిగింది నాది. నీ సెయ్యి ఇరగనేదు గదా. ఆ సేసేదేదో సరిగ్గా సెయ్యి, నాను మల్లీ తోల్తాను" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తిట్టుంటే తేలిగ్గా ఉండేది.

నా తప్పు మోస్తానన్నాను, నీ తప్పు మొయ్యను. నేను ఎవరికీ క్షమాపణ రాయమని నీకు చెప్పలేదు. నా పేరు మీద, నా పని మీద, నన్ను అడక్కుండా రాశావు. ఎవరికి రాశావో వాళ్ళకే మళ్ళీ రాసి దాన్ని వెనక్కి తీసుకో. అప్పటిదాకా నాకు ఉత్తరం రాయకు.

హాజిరాబీ


మద్రాసు,
13 ఫిబ్రవరి 1945

అక్కకి,

రాయకు అన్నావు, రాస్తున్నాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరాబీ కూడా చదివింది.

ఎడమదే ఊడిందంటే నమ్ముతాను, నువ్వు అబద్ధం రాయవు. కానీ నీళ్ళ వల్ల ఇనుము చీలిందంటే ఎలా నమ్మను? నాన్న వెయ్యి చక్రాలకి పట్టా వేసుంటాడు. ప్రతిదానికీ నీళ్ళు పోశాడు. ఒక్కటి చీలింది చూశామా? పోతురాజు ఎక్కువ బరువు వేసుండొచ్చు. నట్టు సరిగా బిగించి ఉండకపోవచ్చు. నాలుగు నెలలు నడిచిన తర్వాత నా చేతిది అనడం న్యాయమా? ఎవరో ఒకరి మీద వెయ్యాలి గనక దూరంగా ఉన్నవాడి మీద వేశావేమోనని మనసులో అనిపించింది. అనిపించింది గనక రాస్తున్నాను.

పన్నెండేళ్ళ సర్వీసున్నవాడిని, పరీక్ష ముందు, నాకు పని రాదని ఊరి పెద్దకి నా చేత్తో రాసివ్వమంటున్నావు. అది నావల్ల కాదు.

హనీఫ్


అనకాపల్లి,
20 ఫిబ్రవరి 1945

హనీఫ్,

నమ్మకపోతే నమ్మకు. నన్ను నమ్మమని అడగను, ఇనుముని అడుగు. మీ దగ్గర విరిగిన ఇరుసులు కుప్పలుగా ఉంటాయి. రెండు స్లీవులు చెయ్యి. రెండూ ఎర్రగా కాల్చి తొడుగు. ఒకదాని మీద నీళ్ళు పొయ్యి, ఒకదాన్ని బూడిదలో పెట్టు. మర్నాడు రెండింటినీ ఒకే సమ్మెటతో కొట్టు. ఏది పగిలిందో నాకు రాయొద్దు, నాకు తెలుసు. నువ్వు చూసుకో.

పని రాదని రాయమన్నదెవరు? నీళ్ళు పోశానని రాయమన్నాను. రెండింటికీ మధ్య ఉన్న దూరం తెలియకపోతే పరీక్ష ఎలా గెలుస్తావు?

సామాను సర్దలేదు.

హాజిరాబీ


మద్రాసు,
6 మార్చి 1945

అక్కకి సలాం.

చేశాను. భోజనాల గంటలో చేశాను. తోటివాళ్ళు నలుగురు చుట్టూ చేరి నవ్వారు. బూడిదలోది మూడు దెబ్బలకి సొట్టపడింది గానీ చీలలేదు. నీళ్ళు పోసింది రెండో దెబ్బకి నిలువునా చీలింది. తీసి చూశాను. పగులు నువ్వు రాసినట్టే గాజు ముక్కలా ఉంది.

నవ్వినవాళ్ళు నవ్వు ఆపారు. మా ఫోర్మన్ వచ్చి ఇదేమిటన్నాడు. మొత్తం చెప్పాను. మా ఊళ్ళో నేను ఇలా చేశాను, డ్రైవరు కాలు విరిగింది, మా అక్క కనిపెట్టింది అన్నాను. మీ అక్క ఏ వర్క్‌షాపులో ఫిట్టరు అని అడిగాడు. ట్రంకు రోడ్డు పక్క పాకలో అంటే, చీలిన ముక్క తీసుకుని చేతిలో తిప్పి చూశాడు. పరీక్ష వచ్చే నెలకి వాయిదా పడింది. రాస్తాను, పోతే పోతుంది.

నా తప్పు నీళ్ళు పొయ్యడం దగ్గర మొదలైంది గానీ అక్కడ ఆగలేదు. విరిగిందనగానే అది నీదే అయ్యుంటుందనుకున్నాను. ఏ పక్కదని ఒక్కసారైనా అడగలేదు. అడగాలనే తోచలేదు. అది తల్చుకుంటే నీళ్ళు పోసిన దానికంటే ఎక్కువ కాలుతోంది.

త్రినాధరావు గారికి ఉత్తరం రాశాను, ఇవాళే రిజిస్టరు చేశాను. నీకు నకలు పంపడం లేదు. నువ్వు దిద్దుతావని భయం. పోతురాజు ఊరికి వేరే రాశాను. సెలవు దొరికిన రోజున వెళ్ళి అతని ముందు కూచుంటాను.

ఈ పార్సెల్లో గుండ్రటి ఆకురాయి ఉంది. పన్నెండంగుళాలది. కొన్నదే.

హనీఫ్


అనకాపల్లి,
27 మార్చి 1945

నా తమ్ముడు హనీఫ్‌కి,

ఆకురాయి బాగుంది. పళ్ళు పదునుగా ఉన్నాయి. ఇక సంగతులన్నీ వరసగా రాస్తాను, తాపీగా చదువు.

నీ ఉత్తరం త్రినాధరావుకి అందిన సంగతి పోస్టుమాను చెప్పాడు. ఒక రోజు చూశాను, రెండు రోజులు చూశాను. ఆయన చప్పుడు చెయ్యలేదు. మూడో రోజు గురువారం, మార్కెట్టు నిండా జనం. నేనూ తాతబ్బాయీ వెళ్ళాం. మా తమ్ముడి మొదటి ఉత్తరం ఎక్కడ చదివించారో రెండోదీ అక్కడే చదివించండి అన్నాను. ఆయన జేబు తడుముకున్నాడు. ఇంటి సంగతులు బజార్లో ఎందుకన్నాడు. మొదటిది కూడా ఇంటి సంగతే కదా, దాన్ని కాటా ఎక్కించింది మీరే అన్నాను. గుమస్తా పనుందని లోపలికి పోయాడు. జనం చేతిలో పని వదిలేసి చూస్తున్నారు. ఆఖరికి ఆయన కాగితం తీసి నా వైపు చాపి, "సదువొచ్చు గదా. నువ్వే సదూకో" అన్నాడు.

తనలో తను చదువుకుంటుందనుకున్నాడు కాబోలు. నేను కాటా పక్కకి వెళ్ళి పైకి చదివాను. ఎడమ ఇరుసు చేసింది నేను, మా అక్క కాదు. నీళ్ళు పోసి పాడుచేసింది నేను. ఆమె చేసిన కుడిది ఇప్పటికీ మీ లారీకే ఉంది, వెళ్ళి చూసుకోండి. ఆమె తరఫున నేను కోరిన క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నాను, నా తరఫున మళ్ళీ కోరుతున్నాను. దుకాణం మూయిస్తానని మాటివ్వడానికి నేనెవరిని, అది ఆమెది. అన్నీ చదివాను. గబగబా చదివేస్తుంటే తాతబ్బాయి పక్కనే నిలబడి ఆగు తల్లీ, ఊపిరి తీసుకో అన్నాడు. తర్వాత నీళ్ళ సంగతి తెలిసీ నోరు మూసుకున్న నా తప్పు కూడా అక్కడే చెప్పాను. అది నీ ఉత్తరంలో లేదు, నన్ను వదిలేశావు.

దాంతో ఆయన మారిపోయాడనుకోకు. ఉత్తరం ఉత్తరమే, నేల నేలే, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి అన్నాడు. సరేనన్నాను. మీ లారీ నా పాక ముందు ఎడమ చక్రం లేకుండా రాళ్ళ మీద నిలబడి ఉంది. ఇరుసు ఈ జిల్లాలో దొరకదు. నేను వెళ్ళిపోతే లారీని టీ హోటల్లో వేసుకుని అమ్ముకోండి అన్నాను. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ రాత్రి ఏమాలోచించాడో, పొద్దున్నే గుమస్తాని పంపాడు. ఎడమది చెయ్యమన్నాడు. చేస్తాను, దుకాణం ఉన్నన్నాళ్ళు నన్ను కదపనని కాగితం మీద రాసి పంపమన్నాను. మధ్యాహ్నానికి ఒక కాగితం వచ్చింది, దాంట్లో ఈ సీజను వరకు అని ఉంది. తిప్పి పంపాను. సాయంత్రానికి ఇంకోటి వచ్చింది. అది నా పెట్టెలో ఉంది.

ఎడమది ఏడు రోజుల్లో అయింది. నీ ఆకురాయి వల్ల రెండు రోజులు కలిసొచ్చాయి. చక్రం ఎక్కించాక కొత్త చిక్కు. లారీ తోలడానికి పోతురాజు బదులు పెట్టుకున్న డ్రైవరు నూకరాజు రానన్నాడు. "ఆడోల్ల సేతి సెక్రం మీద నానెక్కను" అని అందరికీ వినబడేలా అన్నాడు. సరే, ఎడమ పక్క ఆ చక్రం మీద నేను కూచుంటాను, నువ్వు అవతలి పక్క కూచుని తోలు అన్నాను. అప్పటికీ కదల్లేదు. ఇంతలో ఎడ్లబండి దిగి, కర్ర ఊతంతో పోతురాజు వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. నూకరాజు వైపు కూడా చూడకుండా, పైడితల్లి సాయంతో ఎక్కి, మధ్యలో కూచుని కట్టు కట్టిన కాలు చాపుకున్నాడు. ఇక నూకరాజుకి తోలక తప్పలేదు.

పాయకరావుపేట వరకు వెళ్ళాం, నిండా బెల్లంతో. కశింకోట దాటాక ఒకచోట, ఎలమంచిలిలో ఒకచోట ఆపించి దిగి, చక్రం నడుమ చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, అంతే. ముఖం మీద గాలి కొడుతుంటే చీర కొంగు ఎగిరిపోతోంది. దారి పొడుగునా జనం లేచి నిలబడి చూశారు. చూడనీ. నాన్న కొలిమి పెట్టిన నాటినుంచీ ఆ రోడ్డు మీద పోయే బళ్ళన్నీ బాగుచేశాను గానీ ఆ రోడ్డు ఎక్కడికి పోతుందో నేనెప్పుడూ చూడలేదు. తిరిగొచ్చేసరికి త్రినాధరావు పాక ముందు నిలబడి ఉన్నాడు. వంగి తను కూడా చక్రం నడుమ చెయ్యి పెట్టి చూసుకుని వెళ్ళిపోయాడు.

పరీక్ష రాయి. మానేశావంటే మద్రాసు వచ్చి నేనే రాస్తాను.

ఇంకొక్క మాట. నీ ఉత్తరం అంతా చదివానన్నాను. అంతా కాదు. చివర్లో, నాన్న కొడుకునని చెప్పుకోవడానికి నేను తగను అని రాశావు. అక్కడికి వచ్చేసరికి ఆ వాక్యం వదిలేసి కింద నీ సంతకం చదివాను. త్రినాధరావు ముందే చదువుకున్నాడు గనక ఆయనకి తెలుసు. నోరు తెరిచాడు, నా ముఖం చూసి మూసుకున్నాడు. ఆ కాగితం ఆయనకి తిరిగి ఇవ్వలేదు. నువ్వు తప్పు చేశావని బజారంతటికీ నేనే చదివి వినిపించాను, అది నిజం గనక. ఈ వాక్యం నిజం కాదు. దీన్ని నేను చదవను, ఎవర్నీ చదవనివ్వను.

నీ అక్క
హాజిరాబీ